అవధాని గారి బుర్రలో ఏం జరుగుతుంది?

నమస్కారం. మనిషి ఎలా ఆలోచిస్తాడో చూడాలంటే నన్నడిగితే అవధాన సభకు మించిన చోటు లేదు. ఈ రోజు వీడియో దాని గురించే.

నా చిన్నప్పుడు మా ఊరి కళ్యాణ మండపంలో మొదటిసారి అష్టావధానం చూశాను. పద్యాలు ఒక్కటీ అర్థం కాలేదు. బాగా గుర్తున్నది గంట. ఒకాయన ఓ మూల కూర్చుని తోచినప్పుడల్లా గంట కొట్టేవారు. ఒకసారి ఒకటి, ఇంకోసారి వరసగా మూడు. చివర్లో అవధాని గారు పద్యాలన్నీ గడగడా అప్పజెప్పి, "గంటలు 27" అన్నారు. నేనూ లెక్కపెడుతూ కూర్చున్నాను, 11 దగ్గరే తప్పాను. నాకు వేరే పనేమీ లేదు, అయినా తప్పాను!

తెలియని వాళ్ల కోసం క్లుప్తంగా చెబుతాను. అవధాని చుట్టూ 8 మంది పృచ్ఛకులు, అంటే ప్రశ్నలడిగేవాళ్లు, ఉంటారు. ఒకరు సమస్య ఇస్తారు, అంటే అర్థం పొసగని ఒక పాదమిచ్చి మిగతా పద్యం పూరించమంటారు. ఒకరు దత్తపది, అంటే తామిచ్చిన మాటలతో పద్యం. ఒకరు వర్ణన. ఒకరు నిషిద్ధాక్షరి, అంటే అవధాని ఒక్కో అక్షరం చెబుతుంటే తర్వాత ఫలానా అక్షరం వద్దంటూ అడ్డుపడతారు. అవధాని ఒక్కొక్కరికి ఒక్కో పాదం చెప్పి పక్కవారి దగ్గరికి వెళ్లిపోవాలి. అలా నాలుగు చుట్లు తిరిగితే గానీ పద్యాలు పూర్తి కావు. మధ్యమధ్యలో అప్రస్తుత ప్రసంగం చేసే ఆయన "అవధాని గారూ, పొద్దున టిఫినేంటండీ?" అని ఏకాగ్రత చెడగొడుతూ ఉంటారు. ఆఖరున ధారణ. అంటే ముక్కలు ముక్కలుగా చెప్పిన పద్యాలన్నీ మొదటి నుంచి అప్పజెప్పాలి.

దీన్ని చూసి మనం "సరస్వతీ కటాక్షం" అని దండం పెట్టి లేచి వచ్చేస్తాం. దండం పెట్టాల్సిందే. కానీ అంతటితో లేచి వచ్చేస్తే అసలు విషయం చూడకుండా వచ్చేసినట్టే. ఎందుకంటే యతి, ప్రాస, గణాలు అనే పద్య నియమాలు అవధానికి అడ్డం అనుకుంటాం కదా, నిజానికి ఆయన్ని మోసేవి అవే.

అందరికీ తెలిసిన ఒక సమస్య తీసుకుందాం. "కుంజర యూథంబు దోమ కుత్తుక జొచ్చెన్." ఏనుగుల గుంపు దోమ గొంతులో దూరిందట! తెనాలి రామకృష్ణుడి పేరు మీద చెప్పుకునే చాటువు ఇది. పూరణ కూడా మీకు తెలిసే ఉంటుంది. అంతటి పాండవులు పోయి విరటుడి కొలువులో చేరారు, విధిని ఏమనగలం అని ధృతరాష్ట్రుడు సంజయుడితో వాపోతున్నట్టు ఉంటుంది.

ఈ ఊహ ఎక్కణ్ణుంచి వచ్చింది? నా అంచనా చెబుతాను. కంద పద్యంలో నాలుగు పాదాలకూ రెండో అక్షరం కలవాలి, అదే ప్రాస. ఇక్కడ అది "ంజ". రెండో అక్షరం అలా వచ్చే మాటలు తెలుగులో ఎన్నుంటాయి? రంజన, భంజన, అంజన, మంజుల, సంజయ... వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ వరసలో "సంజయ" దగ్గర ఆగండి. సంజయుడు తగలగానే ధృతరాష్ట్రుడు వస్తాడు, ఆయన వెనకాలే భారతమంతా వస్తుంది. ఏనుగులెవరో, దోమెవరో అక్కడ తేలిపోతుంది. ఏమైనా రాసుకో అని వదిలేస్తే ఎటు వెళ్లాలో తోచక కూర్చునే మనసుకు, ప్రాస వెళ్లి తలుపు తీసిందన్నమాట.

నిషిద్ధాక్షరి ఇంకా ముచ్చటగా ఉంటుంది. అవధాని "శ్రీ" అన్నారనుకోండి. తర్వాత "రామ" అంటారని పసిగట్టి పృచ్ఛకుడు "ర" వద్దంటాడు. సరే, "మ" అంటారు అవధాని. "శ్రీమతి" అవుతుందేమోనని "త" వద్దు. "శ్రీమహా" అందామా? కుదరదు, కందంలో అక్కడ హ్రస్వమే పడాలి. అందుకని "హి". ఇప్పుడు "మహిమ" అంటారేమోనని "మ" వద్దంటాడు. అవధాని నవ్వుతూ "త" వేస్తారు. "శ్రీమహిత" అయింది. ఇందాక వద్దన్న అక్షరమే పక్క వాకిట్లోంచి లోపలికొచ్చింది! పృచ్ఛకుడు ప్రతిసారీ మూసేది అందరికీ మొదట తట్టే మాటని. ఆ దారి మూసుకుపోయాకే అసలు ఆలోచన మొదలవుతుంది.

మరి ధారణ? మనసులో ఒకేసారి ఏడు సంగతులకు అటూ ఇటూగా మాత్రమే నిలుస్తాయని జార్జ్ మిల్లర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1956లో రాశాడు. కానీ 1980లో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ పరిశోధకులు ఒక మామూలు విద్యార్థి గురించి ప్రచురించారు. మొదట్లో ఒకసారి విని ఏడు అంకెలు చెప్పేవాడు. 20 నెలల్లో, 230 గంటలకు పైగా సాధన చేసి 79 అంకెల దాకా వెళ్లాడు. ఎలాగంటే, అతను రన్నర్. 3492 అని వింటే "3 నిమిషాల 49.2 సెకన్లు, మైలు పరుగులో ప్రపంచ రికార్డుకు దగ్గర టైమ్" అని పెట్టుకునేవాడు. నాలుగు అంకెలు అతనికి ఒకే ముక్క. అంకెలు తీసేసి అక్షరాలిస్తే మళ్లీ ఆరు దగ్గరికి వచ్చేశాడు. పెరిగింది జ్ఞాపకశక్తి కాదు, తనకు తెలిసిన దానికి తగిలించే నేర్పు.

అవధానికి ఆ కొక్కెం ఛందస్సు. ఉత్పలమాలలో పాదానికి 20 అక్షరాలు, పదో అక్షరం దగ్గర యతి, అంటే అది పాదం మొదటి అక్షరంతో జత కుదరాలి. ధారణలో యతి దగ్గర ఒక మాట జారిందనుకోండి. ఆ చోట మొదటి అక్షరంతో మైత్రి కుదిరే అక్షరమే రావాలి, గురువో లఘువో కూడా ముందే తెలుసు, అర్థమూ ఒప్పాలి. ఇన్ని జల్లెడలు దాటి వచ్చేవి ఒకటి రెండు మాటలే. అంటే ఆయన అంతా గుర్తు పెట్టుకోవడం లేదు, కొంత అక్కడికక్కడ మళ్లీ కట్టుకుంటున్నారు.

అయితే గంటలకు యతీ లేదు, ప్రాసా లేదు. నా మనసు ఇప్పటికీ అక్కడే చిక్కుకుంటుంది. ఇంత పద్య వ్యాపారం జరుగుతుంటే ఆ లెక్క ఎక్కడ పెట్టుకుంటారో అని.

ఈసారి దగ్గర్లో అవధానం ఉందని తెలిస్తే తప్పకుండా వెళ్లండి. మైకు దగ్గర కాదు, నిషిద్ధాక్షరి పృచ్ఛకుడి ముఖం కనిపించే చోట కూర్చోండి. తాను వద్దన్న అక్షరం పక్క నుంచి మరో మాట బయటికి వచ్చినప్పుడు, ఓడిపోయిన ఆ మనిషే అందరికన్నా ముందు చప్పట్లు కొడతాడు చూడండి.