రాగిరేకు మీద రాయనిది

[దృశ్యం: అలిపిరి, తెల్లవారుజాము. మెట్టుకు పసుపు రాస్తున్న ముసలి చేయి.]

మెట్టు మెట్టుకీ ఇంత పసుపు, దాని మీద కుంకుమ బొట్టు. అలిపిరి నుంచి తిరుమలకి 3,550 మెట్లు. మా అవ్వ నడుం వంచి అన్నిటికీ పెడుతూనే అన్నమయ్య కీర్తన పాడేది. మోకాళ్ల పర్వతం దగ్గర మాత్రం ఆయాసానికి పాట ఆగిపోయేది. నాకప్పుడు తొమ్మిదేళ్లు. ధ్యాసంతా పైకెళ్లాక దొరికే లడ్డూ మీదే.

ఇంతకీ ఆ పాటలు మన దాకా ఎట్లా వచ్చాయి?

[దృశ్యం: రాగిరేకు బొమ్మ.]

అన్నమయ్య కాలం 1408 నుంచి 1503. ఆయన 32 వేల సంకీర్తనలు చెప్పాడని ప్రతీతి. వాటిని రాగిరేకుల మీదికి ఎక్కించిన ఘనత కొడుకు పెద తిరుమలాచార్యులది. తాత జీవితాన్ని ద్విపదలో రాసింది మనవడు చిన్నన్న. ఇంకో మనవడు చిన తిరుమలాచార్యులు, తాత సంస్కృతంలో రాసిన 'సంకీర్తన లక్షణం' అనే గ్రంథాన్ని తెలుగు చేశాడు. తమాషా ఏమిటంటే తాత రాసిన అసలు గ్రంథం దొరకలేదు, మనవడి తెలుగే మిగిలింది.

తర్వాత ఆ రేకులు తిరుమల గుడిలోని సంకీర్తన భాండాగారంలో వందల ఏళ్లు అట్లాగే పడి ఉన్నాయి. 1920ల్లో మళ్లీ వెలుగు చూశాయి. వేటూరి ప్రభాకరశాస్త్రి గారి లాంటి పండితులు కూర్చుని చదివి అచ్చు వేయించారు. దొరికిన పాటలు సుమారు 14 వేలు.

[దృశ్యం: రేకు మీద ఒక పాట మొదటి పంక్తి, దగ్గరగా.]

ఇక్కడ చూడండి. పాట పైన రాగం పేరు ఉంటుంది: సామంతం, ఆహిరి, బౌళి, ఇట్లా. స్వరాలు మాత్రం లేవు! పాడేవాళ్లు ఇంట్లోనే ఉన్నారు కదా, రాయాల్సిన పనేముంది అనుకున్నారేమో. ఆ నోళ్లు ఆగాక బాణీలూ పోయాయి. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారి వంటి విద్వాంసులు కొత్తగా స్వరపరిచారు. అంటే ఇవాళ మనం వినే బాణీల్లో చాలావరకు గత వందేళ్లలో పుట్టినవే. ఇది తెలిసినప్పుడు నాకు నిజంగానే మనసు చివుక్కుమంది.

[దృశ్యం: ఇంటి వసారా, సాయంత్రం.]

మా అవ్వ బాణీ వాళ్ల ఊరి భజన గుడిలో నేర్చినది. క్యాసెట్లో వినిపించే దానికీ దానికీ పొంతన ఉండేది కాదు. "కూర్చోరా, చరణం కూడా నేర్పిస్తా" అని ఎన్నిసార్లు పిలిచిందో! రేపు అన్నా, ఎల్లుండి అన్నా.

పోయిన నెల మా పాపకి ఆ పాట నేర్పాను. పల్లవి అవ్వది. చరణం యూట్యూబ్‌లో విన్నది. దొరక్కుండా అతికించాననే అనుకున్నా.

పాప రెండుసార్లు పాడి ఆగింది.

"నాన్నా, ఇక్కడ ఎవరో మారిపోయారు."