హెల్మెట్ పెట్టుకున్నందుకే ఓడిపోయాడా? 1988 అమెరికా ఎన్నికల యాడ్స్ రివ్యూ

నమస్కారం అండి. ఈసారి సినిమా రివ్యూ కాదు, సిరీస్ కూడా కాదు. ముప్పై సెకన్ల యాడ్స్‌కి రివ్యూ. ముందు ఈ ఫొటో చూడండి. యుద్ధ ట్యాంకులోంచి పైకి కనబడుతూ ఒకాయన నవ్వుతున్నాడు. తల చిన్నది, హెల్మెట్ పెద్దది. హెల్మెట్ మీద ఆయన పేరు కూడా రాసి ఉంది, ఎవరో తెలియకపోతే ఎలా అన్నట్టు.

ఆయన మైఖేల్ డుకాకిస్. మసాచుసెట్స్ గవర్నర్, 1988లో డెమొక్రాటిక్ పార్టీ తరఫున అధ్యక్ష అభ్యర్థి. ఎదురుగా ఉన్నది రిపబ్లికన్ పార్టీ అభ్యర్థి, అప్పటి ఉపాధ్యక్షుడు జార్జ్ బుష్, అంటే పెద్ద బుష్. ఆ ఏడాది జులైలో అట్లాంటాలో డెమొక్రాట్ల మహాసభ అయ్యాక, గాలప్ సర్వేలో డుకాకిస్ 17 పాయింట్ల ఆధిక్యంలో ఉన్నాడు. నవంబర్‌లో ఫలితం వచ్చేసరికి బుష్‌కి 40 రాష్ట్రాలు, 426 ఎలక్టోరల్ ఓట్లు, అంటే రాష్ట్రాలవారీగా లెక్కపెట్టి అధ్యక్షుడెవరో తేల్చే ఓట్లు. డుకాకిస్‌కి 111.

ఈ కథ చెప్పేవాళ్లు చాలామంది "ఒక్క హెల్మెట్‌తో ఎన్నిక పోయింది" అనేస్తారు. వినడానికి బాగుంటుంది కానీ నిజం కాదు. అప్పటికి ఆర్థిక పరిస్థితి బాగానే ఉంది, అప్పటి అధ్యక్షుడు, బుష్ పార్టీవాడే అయిన రీగన్ మీద జనానికి అభిమానం తగ్గలేదు. ట్యాంకు ఎక్కేనాటికే డుకాకిస్ సర్వేల్లో వెనకబడ్డాడు. అసలు వెనకబడ్డాడు కాబట్టే ఎక్కాడు. నా రివ్యూ ఆ ఫొటో గురించి కాదు. ఆ ఫొటోని యాడ్ చేసినవాళ్లెవరు, ఆ యాడ్‌ని ఊరూరా ఫ్రీగా తిప్పినవాళ్లెవరు అన్నదాని గురించి.

మొదటిది ట్యాంకు యాడ్. 1988 సెప్టెంబర్ 13న మిచిగన్‌లోని స్టెర్లింగ్ హైట్స్‌లో, జనరల్ డైనమిక్స్ ఫ్యాక్టరీ దగ్గర జరిగింది ఇది. ఎం1 అబ్రామ్స్ ట్యాంకు. దేశ రక్షణ విషయంలో డుకాకిస్ మెతక అని బుష్ రోజూ అంటున్నాడు. డుకాకిస్ దగ్గర జవాబు లేక కాదు. అణు క్షిపణుల మీద పోసే డబ్బు మామూలు బలగాల మీద, అంటే ఇలాంటి ట్యాంకుల మీద పెట్టాలన్నది ఆయన వాదన. పైగా ఆయన కొరియాలో సైన్యంలో పనిచేసి వచ్చినవాడు. వాదన ఉంది, అనుభవం ఉంది. కానీ సాయంత్రం వార్తల్లో అది చెప్పే టైమ్ ఎవరిస్తారు? బొమ్మ ఇస్తేనే వేస్తారు. రెండేళ్ల ముందు బ్రిటన్ ప్రధాని మార్గరెట్ థాచర్ జర్మనీలో ట్యాంకు ఎక్కితే ఆ ఫొటో ఆమెకి భలే కుదిరింది. ఆమె తలకి తెల్ల గుడ్డ చుట్టుకుంది, హెల్మెట్ పెట్టుకోలేదు. తేడా అంతా అక్కడే వచ్చింది.

డుకాకిస్ చెయ్యి ఊపుతూ, వేలు చూపిస్తూ ట్యాంకులో రౌండ్లు కొట్టాడు. గ్యాలరీలో కూర్చున్న విలేకరులు పగలబడి నవ్వారు. తన వేలితో తన కన్నే పొడుచుకున్నాడని మనవాళ్లు అంటారు చూడండి, అదే.

బుష్ టీమ్ కొత్తగా ఏం షూట్ చెయ్యలేదు. న్యూస్ కోసం తీసిన ఆ ఫుటేజ్‌నే తీసుకుని, మీద డుకాకిస్ వ్యతిరేకించిన ఆయుధాల లిస్టు వరసగా ఎక్కించారు. గేర్లు గరగరలాడే చప్పుడు ఒకటి కలిపారు. చివర్లో, ఈ రిస్క్ అమెరికా భరించలేదు అని ఒక గొంతు. అక్టోబర్‌లో వరల్డ్ సిరీస్ బేస్‌బాల్ మధ్యలో వేశారు. మన దగ్గర వరల్డ్ కప్ మ్యాచ్ మధ్యలో వేసినట్టు అనుకోండి.

యాడ్‌గా చూస్తే, నిజం చెప్పాలంటే అద్భుతం. పదికి తొమ్మిది ఇస్తాను. ఒక్క మార్కు ఎందుకు తగ్గించానంటే, వాయిస్ ఓవర్ అక్కర్లేదు, సౌండ్ ఆపేసి చూసినా సరిపోతుంది. నిజం సంగతికొస్తే పదికి మూడే. ఆ లిస్టులో స్టెల్త్ బాంబర్, అంటే రాడార్‌కి సులువుగా దొరకని బాంబుల విమానం ఉంది. డుకాకిస్ దాన్ని సమర్థిస్తున్నానని చెప్పినవాడు.

ఇక్కడ కొంచెం ఆగుదాం, మీడియా లోపల ఏం జరుగుతోందో తెలియకపోతే మిగతాది అర్థం కాదు. హార్వర్డ్‌లో కికు అడాటో అనే ఆవిడ పెద్ద టీవీ నెట్‌వర్క్‌ల వార్తలన్నీ కూర్చుని లెక్కగట్టారు. 1968లో అభ్యర్థి మాటని మధ్యలో కొయ్యకుండా సగటున 42.3 సెకన్లు వినిపించేవారు. 1988కి అది 9.8 సెకన్లు. తొమ్మిది సెకన్లలో రక్షణ విధానం ఎవరు చెప్పగలరు? నేను ఈ వీడియోకి నమస్కారం పెట్టడానికే అంత పడుతుంది.

బుష్‌కి మీడియా సలహాదారు రోజర్ ఎయిల్స్. తర్వాత 1996లో ఫాక్స్ న్యూస్‌ని నిలబెట్టింది ఈయనే. ఈయన ఒక మాట చెప్పేవాడు. స్టేజి మీద ఇద్దరున్నారు. ఒకడు పశ్చిమాసియా సమస్యకి పరిష్కారం దొరికింది అంటాడు. ఇంకొకడు కాలు జారి కింద వాద్యగాళ్లు కూర్చునే గుంటలో పడతాడు. రాత్రి వార్తల్లో ఎవరొస్తారు? మీడియా సంగతి ఇంత బాగా తెలిసినవాడు ఒక పక్కనుంటే, అవతల డుకాకిస్ అట్లాంటాలో ఏమన్నాడు? ఈ ఎన్నిక సిద్ధాంతాల గురించి కాదు, సమర్థత గురించి అన్నాడు. మంచి మాటే. కానీ దానికి బొమ్మేది?

దీనికి ముందే జరిగిన ఒక ముచ్చట చెప్తాను, నాకు చాలా ఇష్టం. 1984లో సీబీఎస్ టీవీ రిపోర్టర్ లెస్లీ స్టాల్ రీగన్ మీద ఘాటైన స్టోరీ చేసింది. ఆయన కెమెరా కోసం చేసే షోలకీ, ఆయన ప్రభుత్వం తీసుకునే నిర్ణయాలకీ పొంతన లేదని. తిడతారనుకుంటే, వైట్‌హౌస్‌ నుంచి ఒక అధికారి ఫోన్ చేసి బాగుందని మెచ్చుకున్నాడట. ఆవిడకి అర్థం కాలేదు. నువ్వన్నది ఎవరూ వినలేదు, మా బొమ్మలు చూశారు అన్నది ఆయన లెక్క. స్టోరీ నిండా జెండాలు, బెలూన్లు, నవ్వుతున్న రీగన్ మరి!

రెండోది జైలు యాడ్. ఇది చెప్పేటప్పుడు నవ్వు రాదు. మసాచుసెట్స్‌లో ఖైదీలకి కొన్ని రోజుల సెలవు ఇచ్చి పంపే పద్ధతి ఉండేది. మన జైళ్లలోనూ ఫర్లో అంటారు కదా, అదే. అది మొదలైంది 1972లో, ఒక రిపబ్లికన్ గవర్నర్ హయాంలో. హత్య కేసులో యావజ్జీవ శిక్ష పడిన విలియం హోర్టన్ 1986లో అలా వెళ్లి తిరిగి రాలేదు. మరుసటి ఏడాది మేరీల్యాండ్‌లో ఒక జంట ఇంట్లో దూరి దారుణంగా హింసించాడు, ఆమెని రేప్ చేశాడు. నేరం నిజం. ప్రభుత్వ వైఫల్యం కూడా నిజమే. దీన్ని బయటపెట్టిన లారెన్స్ ఈగిల్ ట్రిబ్యూన్ అనే స్థానిక పత్రికకి పులిట్జర్ అనే పెద్ద జర్నలిజం అవార్డు వచ్చింది. అది జర్నలిజం.

యాడ్స్‌లో ఏమైందో చూడండి. బుష్ ప్రచారంతో సంబంధం లేదని చెప్పుకున్న ఒక గ్రూపు, హోర్టన్ పోలీస్ ఫొటో చూపిస్తూ కేబుల్‌లో యాడ్ వేసింది. అతను నల్లజాతివాడు, బాధితులు తెల్లవాళ్లు. పేరు విలియం అయితే "విల్లీ" అన్నారు. తర్వాత అక్టోబర్ మొదట్లో బుష్ ప్రచారం తన సొంత యాడ్ దింపింది. అందులో పేరు లేదు, ఫొటో లేదు. బ్లాక్ అండ్ వైట్‌లో, గుండ్రంగా తిరిగే గేటులోంచి ఖైదీలు అలా లోపలికెళ్లి ఇలా బయటికొస్తుంటారు. గొంతేమో పెరోల్‌కి కూడా అర్హత లేని హంతకుల గురించి చెప్తుంటుంది, తెర మీద "268 మంది తప్పించుకున్నారు" అని పడుతుంది. చూసేవాళ్లు 268 మంది హంతకులు అనుకుంటారు కదా? ఆ లెక్క పదేళ్లది, అన్ని రకాల ఖైదీలది. అలాంటి హంతకులు అందులో నలుగురే. చెప్పింది ఒకటి, చూపింది ఒకటి, రెండూ కలిపి అబద్ధం చేసుకున్నది ప్రేక్షకుడు. కేసు పెడదామంటే ఏ వాక్యం మీద పెడతారు? ఈ యాడ్‌కి నేను మార్కులు వెయ్యను.

గ్రూపు వేసిన యాడ్ కేబుల్‌లో కొద్ది రోజులే నడిచింది. మరి దేశమంతా ఎలా చూసింది? వార్తల్లో. వివాదం అంటూ వేశారు. అక్టోబర్ చివర్లో నల్లజాతి నాయకుడు జెస్సీ జాక్సన్ లాంటివాళ్లు ఇది జాతి విద్వేషం అంటే, ఆ వార్తతో పాటు అదే ఫొటో మళ్లీ వేశారు. ట్యాంకు యాడ్‌లో తప్పులున్నాయని ఏబీసీ టీవీ స్టోరీ చేసింది, మెచ్చుకోవాలి. కానీ ఆ స్టోరీలోనూ తెర నిండా ట్యాంకే. అంటే డబ్బు కట్టి వేసింది కొంత, న్యూస్ ఫ్రీగా వేసింది మిగతాదంతా.

ఇప్పుడు డుకాకిస్ జవాబు చూడండి. వారాల తరబడి మాట్లాడకుండా ఉండి, అక్టోబర్‌లో ఒక యాడ్ వదిలాడు. తీరా అందులో ఏముంది? టీవీలో ట్యాంకు యాడ్ నడుస్తుంటుంది, ఆయన వచ్చి కట్టేసి, విసిగిపోయాను అంటాడు. సార్, మీ డబ్బుతో మీరే దాన్ని ఇంకోసారి వేశారండీ! పదికి రెండు. ఆ రెండూ కోపం నిజమైనదిగా కనిపించినందుకు. పాపం, ఆ కోపం అక్టోబర్ 13 డిబేట్‌లో రావాల్సింది. మీ భార్యని రేప్ చేసి చంపితే ఆ హంతకుడికి మరణశిక్ష కోరతారా అని సీఎన్ఎన్ బెర్నార్డ్ షా అడిగాడు. ఆయన ఆఫీసు ఫైలు చదివినట్టు, జీవితమంతా మరణశిక్షని వ్యతిరేకించానని చెప్పాడు.

అబద్ధం అని తెలిస్తే టీవీ వాళ్లు యాడ్ ఆపొచ్చు కదా అని కామెంట్లలో అడుగుతారు, ముందే చెప్తున్నా. అక్కడి చట్టం ప్రకారం అభ్యర్థి ఇచ్చిన యాడ్‌ని స్టేషన్ సెన్సార్ చెయ్యకూడదు. మన దగ్గర టీవీలో రాజకీయ యాడ్ వెయ్యాలంటే ముందే సర్టిఫికెట్ కావాలి. 2004లో అప్పటి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కేబుల్ టీవీ యాడ్స్ మీద ఉన్న నిషేధాన్ని కొట్టేస్తే, సుప్రీంకోర్టు పెట్టిన ఏర్పాటు అది. ఆ కేసులో ఉన్న పేరు మన జెమిని టీవీదే. సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన మన యాడ్స్ హరిశ్చంద్రుడి నోట వస్తున్నాయని నేననను లెండి.

1992లో రెండు పక్కలా కొంచెం బుద్ధొచ్చింది. యాడ్స్‌లో నిజమెంతో చూసి చెప్పడం పత్రికలు అలవాటు చేసుకున్నాయి. టీవీలో కొందరు ఆ యాడ్‌ని చిన్న డబ్బాలో పెట్టి, మీద తప్పు అని రాసి చూపించారు. ఆ ఏడాది బుష్ మీద పోటీ చేసిన డెమొక్రాట్ బిల్ క్లింటన్ మనుషులు లిటిల్ రాక్ అనే ఊళ్లో ఆఫీసు పెట్టుకుని, పొద్దున వచ్చిన ఆరోపణకి సాయంత్రం వార్తల్లోపే జవాబు పంపేవారు.

బుష్ సంగతి? 1988 మహాసభలో, నా పెదాలు చదవండి, కొత్త పన్నులు ఉండవు అన్నాడు. తొమ్మిది సెకన్లు కూడా పట్టదు, వార్తలకి సరిగ్గా సరిపోయింది. 1990లో పన్నులు పెంచాడు. 1992లో క్లింటన్ టీమ్ ఆ క్లిప్పే తీసి యాడ్‌లో పెట్టింది. వాళ్లూ కొత్తగా ఏమీ షూట్ చెయ్యలేదు. దాని రివ్యూ వచ్చే వీడియోలో.