బొబ్బర్లంక తలుపు, చేలో తూము

అందరికీ నమస్కారం. అమలాపురంలో మైకు పట్టుకుంటే ఎదురుగా సగంమంది చుట్టాలే ఉంటారు కాబట్టి ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడతాను.

మొన్నామధ్య ఒకమ్మాయి మూడున్నరేళ్ల బాబుని తీసుకొచ్చింది. వాడు నా బల్లమీది మందుసీసాల మూతలన్నీ వరసగా పేరుస్తున్నాడు. పేరు పెట్టి పిలిస్తే తల తిప్పలేదు, ఫ్యాను ఆగితే మాత్రం ఉలిక్కిపడి పైకి చూశాడు. "గ్రహణం రోజున నేను కూరలు తరిగానంటండి, అందుకే ఇలా పుట్టాడంటారు మా అత్తగారు" అంది.

వాడిది ఆటిజం, అంటే మాటా, నలుగురితో కలవడమూ వేరుగా సాగే ఎదుగుదల. అమెరికాలో లియో కానర్ అనే పిల్లల మానసిక వైద్యుడు 11 మంది పిల్లల్ని గమనించి 1943లో దీని గురించి రాశాడు. ఆ తర్వాత చాలా ఏళ్లు అక్కడి చదువుకున్న డాక్టర్లే తల్లి ప్రేమ చాలకే ఇలా అయిందన్నారు. మన అత్తగార్లు నయం, నేరంలో చంద్రుడికీ వాటా ఇచ్చారు.

కారణం వెతకాల్సింది చంద్రుడిలో కాదు, జన్యువుల్లో. ఆ జన్యువుల రాత బిడ్డకు నకలు దిగేటప్పుడు కొత్తగా 60, 70 అక్షరాలు మారతాయి. మీకూ మారాయి, నాకూ మారాయి. చాలావరకు హాని లేనిచోట పడతాయి. తండ్రి వయసు పెరిగేకొద్దీ ఇవీ పెరుగుతాయని 2012లో ఐస్‌లాండ్ కుటుంబాల్లో లెక్క తేల్చారు. వెనక కుర్చీల్లో మగవాళ్లు సర్దుకు కూర్చోవడం కనబడుతూనే ఉంది.

మార్పు ఎక్కడ పడిందన్నదే అసలు సంగతి. ఆటిజంతో ముడిపడ్డ సీహెచ్‌డీ8 అనే జన్యువు, గోదావరి నీళ్లు మన కాలువల్లోకి వదిలే బొబ్బర్లంక లాకుల్లాంటిది. మిగతా జన్యువులు ఎన్నో ఎప్పుడు తెరుచుకోవాలో అదే చూస్తుంది. కడుపులో నాలుగైదు నెలలప్పుడు మెదడు పైపొర కణాలు పుట్టి తమ చోటికి చేరుతుంటాయి. ఆ వేళ లాకుల దగ్గర లస్కరు తలుపు సగమే ఎత్తితే ఆయకట్టంతా తేడానే. ఈ జన్యువు దెబ్బతిన్న పిల్లల్లో చాలామందికి తల పెద్దది, మలబద్ధకమూ ఉంటుంది. పేగూ ఆ కాలువ కిందదే మరి.

షాంక్3 అనే ఇంకో జన్యువు చేలో తూములాంటిది. ఒక నరాల కణం నుంచి ఇంకోదానికి కబురు దాటే సందులో, అందుకునే వైపు పట్టు నిలిపే ప్రోటీన్‌ని తయారుచేయించడం దాని పని. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వచ్చే దాని రెండు నకళ్లలో ఒకటి పోతే కాలువలో నీళ్లున్నా మడి సరిగ్గా తడవదు. మాటలు ఆలస్యమవుతాయి, కొందరికి రానే రావు.

2020లో వచ్చిన ఒక పెద్ద పరిశోధన ఆటిజంతో ముడిపడ్డ ఇలాంటి జన్యువులు 102 చూపించింది. అయినా పరీక్ష చేయిస్తే చాలామందిలో ఇదీ అని ఒక్కటి దొరకదు. చిన్నచిన్న తేడాలు వందలు కలిసి ఉండొచ్చు. దొరికితే తర్వాతి కాన్పు గురించి ఆలోచించుకోవడానికి, మూర్ఛలాంటివి కనిపెట్టుకుని ఉండటానికి పనికొస్తుంది. స్పీచ్ థెరపీని మాత్రం రిపోర్టు కోసం ఆపకండి. పసరు పోసి కుదురుస్తామనేవాళ్ల గుమ్మం తొక్కకండి.

ఇదంతా విని ఆ అమ్మాయి, "అయితే ఆ రోజు బెండకాయలు కోసినా పర్లేదాండీ?" అంది.

"ఆయ్, పర్లేదమ్మా" అన్నాను. ఈసారి వచ్చేటప్పుడు అత్తగారిని కూడా తీసుకురమ్మన్నాను.