మానేసినవాళ్ళతో నాలుగు మాటలు

(ధనుర్మాసంలో కడపలోని ఒక భజన మందిరంలో చేసిన ప్రసంగం)

పెద్దలకు నమస్కారం. ఈ చలిలో కూడా ఇంతమంది వచ్చారు, సంతోషం. రోజూ వచ్చేవాళ్ళకు ఈరోజు నేను చెప్పేదేమీ లేదు. ఏళ్ళ తరబడి రావడం మానేసి, ఈరోజు ఎవరో లాక్కొస్తే వచ్చి, చెప్పులు విడిచిన చోటికి దగ్గరగా కూర్చున్నవాళ్ళున్నారే, వాళ్ళతో మాట్లాడాలని ఉంది.

దేవుడి మీద కోపమొచ్చి మానేసినవాళ్ళు తక్కువ. చాలామంది కావాలని మానేసినవాళ్ళు కూడా కారు. 41 రోజులు అయ్యప్ప దీక్ష చేస్తారు. తెల్లారుజామున చన్నీళ్ళ స్నానం, నేల మీద పడక, సాయంత్రం భజన. కొండకు పోయి వచ్చి మాల తీసేస్తారు. ఇంకో వారం దాకా నాలుగింటికే మెలకువొస్తుంది. లేచి ఏం చెయ్యాలో తోచక మళ్ళీ పడుకుంటారు. ఆ తర్వాత మెలకువే రాదు. మాల దేవుడి గూట్లో మేకుకు వేలాడుతుంటుంది. పూసల సందుల్లో గంధం ఎండి పెచ్చులు కడుతుంది. దాన్ని ఇంట్లో ఎవరూ కదిలించరు. వేసుకున్నాయన దాని వంక చూడనే చూడడు.

ఎందుకు చూడడు? భక్తి పోయి కాదు, సిగ్గుతో అని నా నమ్మకం. ‘ఇన్నేళ్ళు గాలికొదిలేసి ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని పోవాలి?’ ఆ సిగ్గు ఇంకో మాట కూడా చెప్తుంది: ‘మొదలుపెడితే గట్టిగానే మొదలుపెట్టాలి. పిల్ల పెళ్ళి అయిపోనీ, ఇల్లు పూర్తవనీ, ఈ టెన్షన్లు కాస్త తగ్గనీ.’ వినడానికి అది భక్తిలాగే ఉంటుంది. ఆ ముసుగులో ఏళ్ళు గడిచిపోతాయి.

భగవద్గీత ఆరో అధ్యాయంలో అర్జునుడు సరిగ్గా ఇదే అడిగాడు. శ్రద్ధ ఉండి కూడా మనసు నిలవక సాధన మధ్యలో జారిపోయినవాడు, చెదిరిన మబ్బులాగా ఎటూ కాకుండా పోతాడా అని. కృష్ణుడు కోప్పడలేదు. మంచి పని చేసినవాడెవడూ దుర్గతి పాలు కాడన్నాడు. అంతటితో ఆగకుండా, అలాంటివాడు మళ్ళీ పుడితే వెనకటి జన్మలో సంపాదించిన బుద్ధి తిరిగి దొరుకుతుందనీ, అక్కణ్ణుంచి ఇంకా ముందుకు ప్రయత్నం చేస్తాడనీ చెప్పాడు. జన్మ మారినా పోనిది, పదేళ్ళు కువైట్‌లో కష్టపడి వచ్చినంత మాత్రాన పోతుందా? చిన్నప్పుడు అవ్వ పక్కన కూర్చుని విష్ణుసహస్రనామం నేర్చుకున్నవాళ్ళను గమనించండి. పుస్తకం చేతికిచ్చి ఒంటరిగా చదవమంటే తడబడతారు. పక్కన నలుగురు చదువుతుంటే నోరు దానంతటదే కలుస్తుంది.

మన ఒంటిమిట్టనే తీసుకోండి. ఇప్పుడు అక్కడ కోదండరాముడి కల్యాణానికొచ్చే జనాన్ని చూసినవాళ్ళకు, ఆ గుడి ఒకప్పుడు ఆలనాపాలనా లేకుండా ఉండిందంటే నమ్మబుద్ధి కాదు. దాన్ని మళ్ళీ నిలబెట్టడానికి పూనుకున్నాయన వావిలికొలను సుబ్బారావు గారు. 1863లో మన జమ్మలమడుగులో పుట్టారు. రెవెన్యూలో ఉద్యోగం చేశారు, మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో తెలుగు పండితులుగా ఉన్నారు. అంతటి మనిషి టెంకాయ చిప్ప చేతబట్టి ఊరూరా భిక్షమెత్తారు. పెద్ద మొత్తం పోగయ్యాక చూద్దాంలే అనుకుని ఉంటే ఆ చిప్ప ఇంట్లోనే ఉండేది.

రోజూ వచ్చేవాళ్ళకు చెప్పేదేమీ లేదన్నాను గానీ, ఒకటుంది. చాలా రోజులకు వచ్చినవాణ్ణి చూసి ‘ఏం సామీ, ఇన్నాళ్ళకు గుర్తొచ్చామా?’ అంటాం. మనకది వేళాకోళమే, కానీ వాడు రేపు రాడు. ఇదే కడపలో రంజాన్ నెలలో చూడండి. ఏడాదంతా మసీదు వైపు పోనివాడు కూడా వచ్చి వరసలో నిలబడతాడు. పక్కవాళ్ళు కాస్త జరిగి చోటిస్తారు, అంతే.

కదిరి దగ్గర కటారుపల్లిలో వేమన సమాధి ఉంది. ఆయన గురించి జనం చెప్పుకునే కథ మీకు తెలిసిందే, అది చరిత్ర అని నేననను. కుర్రతనంలో వేశ్య మోజులో పడి ఇల్లు మరిచాడట. వదిన గొడవ పెట్టుకోలేదు, అడిగిన నగలు ఇచ్చింది, చివరికి బులాకీ కూడా. గడప తొక్కొద్దని మాత్రం ఎన్నడూ అనలేదు. వేమన యోగి కావడానికి ఎన్ని కారణాలు చెప్పినా, నా ఓటు ఆ వదినకే.

ఎవరో చీటీ పంపారు. ‘సుందరకాండ పారాయణం సగంలో ఆగిపోయింది, మళ్ళీ మొదటి నుంచి చదవాలా?’ అని. ఇన్ని రోజులని నియమం పెట్టుకుని, సంకల్పం చెప్పుకుని మొదలుపెట్టిందైతే మీ పురోహితుణ్ణి అడగండి. ఊరికే ఇష్టంతో చదువుకుంటున్నదైతే, 68 సర్గల్లో ఎక్కడ ఆగారో అక్కడే తీయండి. గుర్తులేకపోతే 13వ సర్గ తీయండి. లంకంతా గాలించినా సీతమ్మ కనబడక, ఏ మొహంతో తిరిగి పోవాలని హనుమంతుడంతటివాడు కుంగిపోతాడు అక్కడ. అట్లా ఆలోచిస్తూ ఉండగానే, తాను ఇంకా వెతకని అశోకవనం ఆయన కంటబడుతుంది. రోజుకొక సర్గ చాలు. పొద్దున కుదరకపోతే రాత్రి అన్నానికి ముందు చదువుకోండి.