ఊరి చెరువు సంఘం ఎలా నడపాలి? ఫోన్-ఇన్

యాంకర్: అంబాజీపేట వైపు నుంచి ఒకరు లైన్లో ఉన్నారు. చెప్పండి.

శ్రోత: నమస్కారమండి. మా కుర్రాళ్లందరం కలిసి చెరువులో గుర్రపు డెక్క రెండుసార్లు తీయించామండి. మళ్లీ కమ్మేసింది. చందా అంటే ఇప్పుడు మొహం తిప్పేసుకుంటున్నారు.

నిపుణుడు: తీసిన డెక్క ఎక్కడేశారండి?

శ్రోత: గట్టుమీదేనండి.

నిపుణుడు: అక్కడే వచ్చింది చిక్కు. వానకి మళ్లీ నీళ్లలోకే జారుతుంది. మురుగు అందితే రెండు వారాల్లో రెట్టింపవుతుందండి. విత్తనమైతే బురదలో ఏళ్ల తరబడి బతుకుతుంది. వేసవిలో కాలువలకి నీళ్లు ఆపేశాక చెరువులో నీరు తగ్గుతుంది చూడండి, అప్పుడు పూత రాకముందే తీయించి, గట్టుకి అవతల గుంటలో వేసి ఎరువు చేయండి. కాలువ నీరొచ్చే తూము ముందు వెదురు గడలకి వల కట్టండి. దాన్ని వారానికోసారి దులపాలి, లేదంటే నీరాగిపోయి ఊళ్లోవాళ్లే తెంపేస్తారు. ఆ తర్వాత పదిహేను రోజులకోసారి తెప్ప మీద వెళ్లి మిగిలిన మొక్కలు ఏరాలి. అందరూ ఎగ్గొట్టేది ఈ పనే.

శ్రోత: గడ్డి మందు కొట్టేస్తే పోదా అండి?

నిపుణుడు: వద్దండి. అంత డెక్కా ఒక్కసారే కుళ్లితే నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది. తెల్లారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. చెరువులో చేపలు వేలంలో పాడుకున్న పాటదారు మీ మీదికొస్తాడు. ఇంతకీ చందాలు ఎవరి ఖాతాలో పడుతున్నాయి?

శ్రోత: నా ఫోన్‌పేకేనండి.

నిపుణుడు: మొహాలు తిప్పుకోవడానికి అదీ ఒక కారణం కావచ్చు. 2001 సొసైటీల చట్టం కింద కనీసం 7 గురితో రిజిస్టర్ చేయించండి. సంఘం పేరునే ఖాతా తెరిచి, రెండు సంతకాలుంటేనే డబ్బు బయటికొచ్చేలా పెట్టండి. అధ్యక్షుడు, కోశాధికారి ఒకే ఇంటివాళ్లు కాకూడదు. నెలనెలా లెక్క రామాలయం గోడకి అంటించండి. కమిటీలోకి పాటదారుని, చెరువు నీళ్లు వాడుకునే ఆడవాళ్లని తీసుకోండి. కుర్రాళ్లే ఉంటే పండగ కమిటీలాగే ఉంటుంది. పొక్లెయిన్ దించేముందు పంచాయతీ తీర్మానం కాపీ చేతిలో ఉండాలి. సముద్రం దగ్గరి ఊళ్లయితే పూడిక మట్టుకే తీయండి. లోతుగా తవ్వితే అడుగునుంచి ఉప్పునీరు ఊరుతుంది.

యాంకర్: ఆకివీడు వైపు నుంచి మరొకరు.

శ్రోత: పక్క రొయ్యల చెరువు ఆయన మా ఊరి చెరువు గట్టు కలిపేసుకున్నాడండి. నీళ్లు కూడా ఇటే వదులుతున్నాడు. అడిగితే గొడవే.

నిపుణుడు: నోటితో అడగడం ఆపేయండి. అడంగల్, ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పటం) నకళ్లు తీసుకుని సర్వే నంబరూ విస్తీర్ణమూ చూసుకోండి. ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు. ఆ నకళ్లు జతచేసి సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో సంఘం లెటర్‌హెడ్ మీద అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. ఊరి చెరువులు ఆక్రమణకి గురికాకుండా కాపాడాలని సుప్రీంకోర్టు 2001లోనే చెప్పింది, ఆ మాట కూడా రాయండి.

శ్రోత: మరి నీళ్ల సంగతండి?

నిపుణుడు: మీరు సీసాలో పట్టిన నీళ్లు అనుమానం తీరడానికే పనికొస్తాయి, కేసులో నిలబడవు. కాలుష్య నియంత్రణ మండలి అధికారి పద్ధతి ప్రకారం పట్టిన నమూనాయే చెల్లుతుంది. ఏ తేదీన, ఎన్నింటికి, ఏ గొట్టం నుంచి వదులుతున్నాడో ఫొటోలతో రాసుకుంటూ ఉంటే వాళ్లు సరిగ్గా ఆ వేళకి రాగలరు.

శ్రోత: సర్వేయరు ఎప్పుడొస్తే మంచిదండి?

నిపుణుడు: వేసవిలో రప్పించండి. చెరువు నిండితే హద్దు రాళ్లు మునిగిపోయి, కొలత మళ్లీ ఏడాదికి వాయిదా పడుతుంది.