తెల్లవారుజామున నింపిన సీసా

(విజయవాడలో ఒక ఇంజనీరింగ్ కళాశాల పర్యావరణ ఆచార్యుడు పదవీ విరమణ సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు వచ్చిన పెద్దలకు, సహోద్యోగులకు, విద్యార్థులకు నమస్కారం.

నేను ఎక్కడ చదివాను, ఎన్ని పత్రాలు రాశాను అన్నది ఆహ్వాన పత్రికలో అచ్చు వేశారు. కాబట్టి ఆ జోలికి పోను. ఇదిగో, ఈ 300 మిల్లీలీటర్ల గాజు సీసా గురించి మాట్లాడతాను. నా ఉద్యోగ జీవితమంతా దీని చుట్టూనే తిరిగింది.

నేను ఎం.టెక్.లో పర్యావరణ ఇంజనీరింగ్ తీసుకున్నానని తెలిసి మా నాన్నగారు చాలా బాధపడ్డారు. "వంతెనలు కడతావనుకున్నాను, మురుగు నీళ్ల చదువా నాయనా?" అన్నారు. ఆయనకు చెప్పాల్సిన జవాబు నాకు ఈ ఊరికి వచ్చాకే దొరికింది. కృష్ణ మీద పాత ఆనకట్ట 1855లో పూర్తయింది, ఇప్పటి ప్రకాశం బ్యారేజీ 1957లో వచ్చింది. అక్కడ మొదలైన బందరు, రైవస్, ఏలూరు కాలువలు మన ఇళ్ల మధ్య నుంచే డెల్టాలోకి వెళతాయి. దిగువన ఎన్నో ఊళ్ల మంచినీటి చెరువులు నిండేది ఆ నీళ్లతోనే. ఇక్కడ మనం ఒక మురుగు గొట్టాన్ని కాలువలోకి తిప్పితే, అక్కడెవరి బిందెలోకో తిప్పినట్టే. వంతెన కట్టడం ఎంత గొప్ప పనో ఇదీ అంతే గొప్ప పని నాన్నా అని చెప్పేనాటికి ఆయన లేరు.

ఇక సీసా సంగతి. నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను కొలవడానికి వింక్లర్ అనే రసాయన శాస్త్రవేత్త 1888లో చెప్పిన పద్ధతిని మన ప్రయోగశాలలో ఇప్పటికీ చేస్తున్నాం. ఒక్క గాలి బుడగ కూడా మిగలకుండా సీసా నింపాలి. గట్టు మీదే మాంగనీస్ సల్ఫేట్, ఆ వెంటనే అయొడైడ్ కలిపిన క్షారం పోసి, మూత బిగించి, సీసాను తలకిందులు చేయాలి. ఆక్సిజన్ ఉంటే అడుగున గోధుమరంగు మడ్డి దిగుతుంది. లేకపోతే ఆ మడ్డి తెల్లగా ఉండిపోతుంది. ఆ తెలుపును మొదటిసారి చూసిన రోజు నేను మరిచిపోలేదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో కాలువ నీటి మీద చిన్న ప్రాజెక్టు చేశాను. టిఫిన్ తిని, బస్సెక్కి, పదకొండు గంటలకు గట్టుకు చేరేవాళ్లం. లీటరుకు ఏడు, ఎనిమిది మిల్లీగ్రాముల ఆక్సిజన్ వచ్చేది. 30 డిగ్రీల వేడిలో నీరు గాలి నుంచి తీసుకుని పట్టి ఉంచగలిగేదే సుమారు ఏడున్నర. కాలువ ఆరోగ్యంగా ఉందని సంతోషంగా నివేదిక రాయబోతున్నాను. అక్కడే వల విదిలిస్తున్న ఒక పెద్దాయన అన్నారు: "అయ్యా, మీరు ఎండెక్కాక వస్తారు. చీకటితో వచ్చి చూడండి. చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తుంటాయి."

మర్నాడు నాలుగున్నరకు వెళ్లాం. వేసవి, కాలువలు కట్టేసిన రోజులు. నిలిచిన నీటి మీద గుర్రపు డెక్క, మధ్యలో పచ్చటి నాచు. టార్చి వెలుగులో సీసా తిప్పి చూస్తే మడ్డి తెల్లగా దిగింది. పగలు ఎండలో నాచు ఆక్సిజన్ తయారుచేస్తుంది, రాత్రి ఆ నాచూ, మురుగును తినే సూక్ష్మజీవులూ కలిసి దాన్ని తాగేస్తాయి. కైకలూరు వైపు చేపల చెరువుల రైతుకు ఇది కొట్టిన పిండి, అందుకే తెల్లవారుజామున నీటిలో గాలి కలిపే ఏరేటర్లు తిప్పుతాడు. ఇంత చదివిన నేను మాత్రం గడియారం చూడకుండా నీళ్లు పట్టుకొచ్చాను.

ఆ లెక్కలు తీసుకుని ఒక కార్యాలయానికి వెళితే, "మా సిబ్బంది పనివేళలు పదిన్నర నుంచి" అన్నారు. నాకు చాలా కోపం వచ్చింది. ఇన్నేళ్లయినా ఆ కోపం తగ్గలేదు, తగ్గకూడదనే అనుకుంటున్నాను. కాలువకు పనివేళలు ఉండవు.

మురుగు బలాన్ని చెప్పే బి.ఓ.డి. పరీక్ష కథా ఇలాంటిదే. నీటిని సీసాలో కొన్ని రోజులు మూసి ఉంచి, సూక్ష్మజీవులు ఎంత ఆక్సిజన్ తాగాయో అందులో కొలుస్తాం. అయిదు రోజుల గడువు బ్రిటన్ నుంచి వచ్చింది. అక్కడి నదుల నీరు సముద్రం చేరడానికి అంతకంటే ఎక్కువ కాలం పట్టదన్నది వారి లెక్క. పరీక్ష వేడి 20 డిగ్రీలు. మన కృష్ణ వారి నది కాదు, మన ఎండ వారి ఎండ కాదు. తర్వాత మన దేశంలో 27 డిగ్రీల దగ్గర మూడు రోజుల పరీక్షను ప్రమాణంగా తీసుకున్నారు. పుస్తకంలో ఉన్న అంకెను మన నేల మీద పెట్టి ప్రశ్నించినవాళ్లు ఉన్నారు కాబట్టే ఆ మార్పు వచ్చింది.

యువ అధ్యాపకులకు ఒక మాట. మూడేళ్ల ప్రాజెక్టు అయిపోగానే మరో ఊరు, మరో కాలుష్యం వెతుక్కోవాలని మీ మీద ఒత్తిడి ఉంటుంది. పదోన్నతి దరఖాస్తులో పత్రాల సంఖ్యకు ఒక గడి ఉంటుంది, ఒకే వంతెన కింద పదిహేనేళ్లు నీళ్లు పట్టినదానికి గడి ఉండదు. అయినా పట్టండి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి మన ఊళ్లో సింగ్‌నగర్ మునిగినప్పుడు, నీరు తీశాక ఏం మిగిలిందో చెప్పడానికి వరదకు ముందు లెక్కలు కావాల్సి వచ్చాయి. మా విద్యార్థులు నోటు పుస్తకాల్లో రాసిపెట్టినవే పనికొచ్చాయి.

నా గది తాళం రేపు అప్పగిస్తాను. సీసాల పెట్టె మాత్రం ఇవాళే ఎం.టెక్. పిల్లలకు ఇస్తున్నాను. నలభై ఎనిమిది సీసాలు, రెండింటికి మూతలు సరిగా బిగియవు, వాటిని పక్కన పెట్టండి. తెల్లవారి నాలుగున్నరకు రైవస్ కాలువ గట్టు దగ్గర నేనుంటాను. టార్చి మీరు తెచ్చుకోండి.