బ్యాంకులో లేని డబ్బు, నివేదికలో ఉన్న డబ్బు

అందరికీ నమస్కారం.

కామర్స్ విద్యార్థులే ఎక్కువమంది కనిపిస్తున్నారు. ఈరోజు మాట్లాడబోయేది కంపెనీల పాలన గురించి, అవి బయటపెట్టే లెక్కల గురించి. నిర్వచనాలు మీ పుస్తకాల్లో ఉన్నాయి కాబట్టి, మన హైదరాబాద్‌లో జరిగిన విషయంతోనే మొదలుపెడతాను.

2009 జనవరి 7న సాఫ్ట్‌వేర్ కంపెనీ సత్యం కంప్యూటర్స్ చైర్మన్ రామలింగరాజు తమ బోర్డుకు ఒక ఉత్తరం రాశారు. లెక్కల్లో చూపించిన 5,361 కోట్ల రూపాయల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేవని అందులో ఒప్పుకున్నారు. 2008 సెప్టెంబరుతో ముగిసిన మూడు నెలలకు 649 కోట్ల నిర్వహణ లాభం ప్రకటించారు. నిజంగా వచ్చింది 61 కోట్లు. ఒక్క రోజులో షేరు ధర ముప్పావు వంతుకు పైగా పడిపోయింది. అప్పటికి మీరు చాలా చిన్నవాళ్లు. ఇంట్లో పెద్దవాళ్లను అడగండి, ఆ వారం ఈ ఊళ్లో ఎంత టెన్షన్‌గా గడిచిందో చెబుతారు.

నన్ను ఇప్పటికీ కలవరపెట్టే సంగతి ఒకటుంది. కాగితాల ప్రకారం చూస్తే ఆ కంపెనీలో పెద్ద లోటేమీ కనిపించదు. స్టాక్ ఎక్స్ఛేంజీలతో కంపెనీలు చేసుకునే అప్పటి లిస్టింగ్ ఒప్పందంలోని 49వ క్లాజు కోరినట్టే స్వతంత్ర డైరెక్టర్లున్నారు, ఆడిట్ కమిటీ ఉంది, ఏటా పాలనా నివేదిక వచ్చేది. డైరెక్టర్లలో హార్వర్డ్ ప్రొఫెసర్, మాజీ కేబినెట్ కార్యదర్శి కూడా ఉన్నారు. మంచి పాలనకు 2008లో గోల్డెన్ పీకాక్ పురస్కారం ఇచ్చారు, తర్వాత వెనక్కి తీసుకున్నారు.

అందుకే నేను ఒక్క మాటే పట్టుకుని కూర్చున్నాను. కంపెనీ చెప్పిన అంకెను కంపెనీతో సంబంధం లేని మనిషి సరిచూడగలగాలి. ఆ వీలు లేనప్పుడు నివేదిక ఎన్ని వందల పేజీలున్నా వాటాదారుకు రక్షణ లేదు.

బ్యాంకు నిల్వే తీసుకోండి. ఇంతకంటే తేలిగ్గా సరిచూసే అంకె లేదు. ఆడిటరు నేరుగా బ్యాంకుకు రాసి, జవాబు నేరుగా తన ఆఫీసుకే తెప్పించుకోవాలి. కంపెనీ చేతుల మీదుగా వచ్చిన నిర్ధారణ పత్రాల మీద సత్యం ఆడిటర్లు ఆధారపడటాన్నే స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ తర్వాత తన ఉత్తర్వులో తప్పుపట్టింది.

మన దేశంలో లిస్టెడ్ కంపెనీల్లో చాలావాటి పగ్గాలు ఒక కుటుంబం చేతిలో ఉంటాయి. ఆ కుటుంబానికి వేరే కంపెనీలూ ఉంటాయి. ఇక్కడి డబ్బు అక్కడికి వెళ్లే దారి అదే. 2008 డిసెంబరు 16న, రాజు కుటుంబానికి చెందిన రెండు మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొంటామని సత్యం ప్రకటించింది. బోర్డు సరేనంది. వాటాదారులు భగ్గుమనడంతో గంటల్లోనే వెనక్కి తగ్గారు. లేని ఆస్తుల స్థానంలో ఉన్న ఆస్తులు పెట్టడానికి అది చివరి ప్రయత్నమని ఆయన ఉత్తరంలోనే రాశారు. ఆ ప్రకటన బయటికి రాకపోయి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. సరైన వేళకు బయటపడ్డ ఒక్క సమాచారం, వాటాదారులు అడ్డుపడటానికి ఒక అవకాశం ఇచ్చింది.

ఆ తర్వాత నియమాలు గట్టిపడ్డాయి. ప్రమోటర్లు, అంటే కంపెనీ పగ్గాలు చేతిలో ఉన్నవాళ్లు, తాకట్టు పెట్టిన షేర్ల వివరాలు చెప్పడం 2009లోనే తప్పనిసరి అయింది. ఆడిట్ సంస్థ రెండు ఐదేళ్ల కాలాలకు మించి వరుసగా కొనసాగకూడదని 2013 కంపెనీల చట్టం తెచ్చింది. 2015లో సెబీ లిస్టింగ్ నిబంధనలన్నిటినీ ఒకచోటికి చేర్చింది. ఇవన్నీ అవసరమే. కానీ చదివేవాళ్లు లేకపోతే, వెల్లడించిన వివరాలు వెబ్‌సైట్‌లో ఓ మూల పడి ఉంటాయి.

మీ బల్లల మీద ఒక్కో కంపెనీ వార్షిక నివేదిక పెట్టించాను. చైర్మన్ సందేశం, రంగుల ఫొటోలు దాటేయండి. వెనకవైపు ఆర్థిక ఫలితాల నోట్స్‌లో 'సంబంధిత పక్షాల లావాదేవీలు' అని ఉంటుంది, అంటే కంపెనీని నడిపేవాళ్లకు చెందిన మనుషులతో, సంస్థలతో జరిపినవి, అక్కడ తెరవండి. ఎవరికి అప్పు ఇచ్చారు, ఎవరికి అద్దె కడుతున్నారు, ఎవరి దగ్గర సరుకు కొన్నారు, పెన్సిల్‌తో గీత పెట్టండి. తర్వాత బ్యాంకు డిపాజిట్లు ఎంతున్నాయో, వాటి మీద వడ్డీ ఎంత వచ్చిందో పక్కపక్కన రాయండి, డబ్బు నిజంగా ఉంటే వడ్డీ కూడా దానికి తగ్గట్టే ఉండాలి. పది నిమిషాలు తీసుకోండి. అనుమానం వచ్చిన అంకె దగ్గర చెయ్యెత్తండి, నేను మీ బల్ల దగ్గరికే వస్తాను.